పిట్టలు వాలిన పేరు

జహీరాబాద్ బజారులో దుకాణం తెరిచేవాడికి ఆ రోజుల్లో రెండు ఆత్రాలుండేవి. బోణీ ఎవరి చేతి మీదుగా అవుతుందోనన్నది ఒకటి. బోర్డు మీద పిట్టలు ఏ మాటకు వాలతాయోనన్నది రెండోది. రెండోదే పెద్దది. బోణీదేముంది, ఎవరో ఒకరు అగ్గిపెట్టె కొన్నా అయిపోతుంది.

పిట్టలంటే రెక్కలున్నవి కావు. ఇంగ్లీషులో ఒక మాటకు ముందు రెండు, వెనక రెండు, తల వంచుకున్న చిన్న గీతలు పైన వేలాడుతుంటాయి కదా, అవి. బళ్ళో వాటిని కొటేషన్లంటారు. పెయింటర్ అమర్నాథ్ రాసిన బోర్డుల మీద అవి దండెం మీద వాలిన పిచ్చుకల్లా కుదురుగా కూర్చునేవి కాబట్టి ఊరు వాటిని పిట్టలంది. అమర్నాథ్ కూడా అదే మాటన్నాడు. వాటికి ఇంకో పేరుందని అతనికి తెలియదు. తెలియకపోవడం వల్ల చాలా ఏళ్ళపాటు ఎవరికీ ఏ నష్టమూ రాలేదు, పైగా బోలెడంత సంతోషం కలిగింది.

అమర్నాథ్‌ది న్యాల్‌కల్ దగ్గరి పల్లె. ఇంట్లోవాళ్ళు జొన్న, కంది పండించేవారు. తండ్రి నాగలి పట్టమంటే ఇతను బొగ్గు పట్టేవాడు. సొంతింటి గోడ, పక్కింటి గోడ, చివరికి పటేల్ గారి గోడ కూడా బొమ్మలతో నల్లబడ్డాక తండ్రికి ఓపిక నశించింది. "గోడలు కరాబు చేస్తె పైసలిచ్చే ఊరికి పో" అని బస్సెక్కించాడు. అలా డెబ్బై రెండులో అమర్నాథ్ జహీరాబాద్‌లో దిగి, బస్టాండు రోడ్డులో బోర్డులు రాసే ఉస్తాద్ దస్తగిర్ దగ్గర చేరాడు.

దస్తగిర్ ఉర్దూ రాస్తే చదువు రానివాళ్ళు కూడా నిలబడి చూసేవారు. ఇంగ్లీషు మాత్రం ఆయనకు ముక్క రాదు. అక్షరాలను బొమ్మల్లా చూసి దించేవాడు. ఏడో తరగతి దాకా చదివిన అమర్నాథ్ వచ్చాక ఇంగ్లీషు బోర్డులన్నీ అతని వంతుకొచ్చాయి. బ్రష్ చేతికిచ్చిన మొదటి రోజే ఉస్తాద్ ఒక పాఠం చెప్పాడు.

"రంగు మిగిలితే గ్యాస్‌నూనెల కడిగి పారబోయకు. బర్కత్ పోతది. నీ దిల్ ఏ మాట మీదున్నదో ఆ మాటకు అటు రెండు, ఇటు రెండు గీతలు పెట్టు."

"అవేంది ఉస్తాద్?"

వయసులో ఉండగా హైదరాబాదులో ఒక పెద్ద హోటల్ బోర్డు రాస్తున్న పెయింటర్‌ను దస్తగిర్ సరిగ్గా ఇదే అడిగాడట. నిచ్చెన మీది పెద్దమనిషి నోట్లో బీడీ తీయకుండానే "ఇజ్జత్" అన్నాడట. ఆ ఒక్క మాటనూ మూటగట్టుకుని దస్తగిర్ జహీరాబాద్ తెచ్చాడు.

"ఇజ్జత్, బేటా. కానీ ఒకటి యాదుంచుకో. మిగిలిన రంగుతోనే పెట్టాలె. వాటి కోసం బ్రష్ మళ్ళ ముంచినవంటే అది ఇజ్జత్ గాదు, ఖుషామత్, కాకా పట్టుడు. అడిగినోనికి పెట్టొద్దు. అడిగి తీసుకున్నది ఇజ్జత్ గాదు."

ఆ మాట అమర్నాథ్‌కు గుండెలో నాటుకుంది. ఉస్తాద్ కన్నుమూశాక దుకాణం అతని చేతికొచ్చింది, నియమం కూడా వచ్చింది. ఏ మాటలు రాయాలో గిరాకీ చెప్పేవాడు. పిట్టలు ఎక్కడ వాలాలో అమర్నాథ్ చెయ్యి చెప్పేది. దానికి ధర లేదు, బేరం లేదు, సిఫార్సు లేదు. జబ్బార్ హోటల్ బోర్డు మీద “ఫ్రెష్” మటన్ బిర్యానీ అని వచ్చింది. బస్వరాజ్ కిరాణా మీద “ప్యూర్” నెయ్యి అని వచ్చింది. సూదిమందు వేయడం తప్ప మరే చదువూ లేని రామ్‌కిషన్ గారికి “డాక్టర్” రామ్‌కిషన్ అని వచ్చింది. ఆయన ఆ రోజంతా వచ్చినవాళ్ళకు జ్వరం చూడకముందు బోర్డు చూపించాడు. పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు మేళం వాళ్ళకు “న్యూ” బ్యాండ్ పార్టీ అని దక్కింది. ఆ మేళంలో బాకాలు వాయించేవాళ్ళ కన్నా వయసులో పెద్దవి. అయినా పిట్టలు వాలాక బ్యాండు మాస్టరు నడకలో కొత్తదనం వచ్చిందని అందరూ ఒప్పుకున్నారు.

అందరికీ దక్కేది కాదు. ఝరాసంగం పోయే దారిలో సైకిళ్ళు అద్దెకిచ్చే సంగప్ప బోర్డు పూర్తయ్యేసరికి బ్రష్‌లో రంగు సరిగ్గా అయిపోయింది. సంగప్ప బోర్డును ముందు నుంచి చూశాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు. పిట్ట ఒక్కటి కూడా లేదు. ఆ పూట అన్నం తినలేదని వాళ్ళావిడ ఊరంతా చెప్పింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి సంగప్ప అమర్నాథ్ ఎదురైతే గంట కొట్టకుండా సైకిలు మీద పక్కనుంచి వెళ్ళిపోయేవాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక అసలు సంగతికి వద్దాం. అసలు సంగతి పేరు మహాదేవమ్మ.

గంజ్ వెనక గల్లీలో ముందు గదిలో మిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. తండ్రి పోయాక తమ్ముడి చదువు, తల్లి బసమ్మ మందులు, ఇంటి ఉప్పూ పప్పూ అన్నీ ఆ మిషను చక్రం మీదే నడిచాయి. ఆమె కుట్టిన జాకెట్టు మొదటిసారికే ఒంటికి అతికేది. ఆమె అన్న మాట కూడా అంతే. గడువుకు ముందే వచ్చి తొందరపెట్టిన ఒక పెద్దింటావిడతో "సగం కుట్టిందిస్త, సగం తొడుక్కోండ్రి" అన్న మనిషి.

ఆ గల్లీకి అవతలి వైపు దారి లేదు. అయినా అమర్నాథ్ నిచ్చెన భుజాన వేసుకుని రోజూ ఆ గల్లీలోకి వెళ్ళేవాడు. చివర గోడ తగిలేది. ఎవరో అక్కడ గోడ కట్టారని అప్పుడే తెలిసినట్టు తల గోక్కుని, నిచ్చెన తిప్పుకోలేక నానా తంటాలు పడి, మళ్ళీ మిషను ముందు నుంచే వెనక్కి వచ్చేవాడు. గోడ ప్రతి రోజూ అక్కడే ఉండేది. గల్లీలో మేకలకు కూడా సంగతి తెలిసిపోయింది.

మాట్లాడొచ్చు కదా అంటే, మాట్లాడేవాడే. నాలుకే తిరిగేది కాదు. దానికి తోడు బసమ్మతో ఒక చిక్కొచ్చిపడింది. ఊళ్ళో పెద్దవాళ్ళను ఏదో ఒక వరస పెట్టి పిలవాలి కదా. పెద్దమ్మా అంటే కూతురు చెల్లెలైపోతుంది. అత్తా అంటే గుట్టు రట్టవుతుంది. అందుకని అమర్నాథ్ ఆమెను ఏ వరసా పెట్టకుండా, ఎదురుపడితే ఒక దగ్గు దగ్గేవాడు. పాపం బసమ్మ అతనికి దమ్ము రోగమనుకుని రెండు మూడుసార్లు మిరియాల కషాయం కాచి ఇచ్చింది. చక్కగా తాగి గిన్నె కడిగి మరీ ఇచ్చాడు.

ఎనభై నాలుగులో మహాదేవమ్మ మెయిన్ బజారులో చిన్న దుకాణం తీసుకుంది. బోర్డు రాయమని తానే అమర్నాథ్ దగ్గరికి వచ్చింది. "నా పేరు, కింద లేడీస్ టైలర్ అని. గంతే. పువ్వులు గివ్వులు ఒద్దు" అంది. అతను తలూపాడు. ఆమె వెళ్ళిన చాలాసేపటి దాకా ఊపుతూనే ఉన్నాడు.

ఏ రేకుకైనా ఒక్క పూత అస్తరు కొట్టి ఊరుకునేవాడు, ఈ రేకుకు మూడు కొట్టాడు. పసుపుపచ్చ నేల మీద ఎర్రని అక్షరాలు. పైన ఇంగ్లీషులో మహాదేవమ్మ, కింద లేడీస్ టైలర్. కింది వరస ముందు రాసుకున్నాడు, పేరును చివరికి దాచుకున్నాడు, పిల్లలు బెల్లం ముక్కను దాచుకున్నట్టు. పేరు చివరి అక్షరం దగ్గరికొచ్చేసరికి బ్రష్ ఎండిపోయింది. కుంచె వెంట్రుకల్లో ఎరుపు చుక్క కూడా మిగల్లేదు. పిట్టలు లేవు.

అమర్నాథ్ స్టూలు మీద కూర్చుని బోర్డును చూశాడు. ఉస్తాద్ ఎక్కడినుంచో చూస్తున్నాడేమోనని పైకి కూడా చూశాడు. తరవాత బ్రష్‌ను రంగు డబ్బాలో ముంచాడు. పిట్టల కోసం ముంచడం బతుకులో అదే మొదటిసారి. ఒక్కో పిట్టకు ఒక్కోసారి ముంచి, ఇంతకు ముందు ఎవరికీ పెట్టనంత బొద్దుగా, నాలుగు పిట్టలను ఆమె పేరు మీద కూర్చోబెట్టాడు.

బోర్డు ఎక్కిన రోజు బజారంతా నోరు తెరిచింది. పిట్టలు నెయ్యి మీద వాలాయి, బిర్యానీ మీద వాలాయి, డాక్టరు చదువు మీద కూడా వాలాయి గానీ, మనిషి పేరు మీద ఎన్నడూ వాలలేదు. హోటల్ జబ్బార్ అమర్నాథ్ చేతికి చాయ్ గ్లాసిస్తూ, "ఏం భాయ్, ఈసారి రంగు శానా మిగిలినట్టుంది" అన్నాడు. అమర్నాథ్ చాయ్ ఊదుకుంటూ చెవులదాకా ఎర్రబడ్డాడు. మహాదేవమ్మ మాత్రం బోర్డును కాసేపు చూసి, "అక్షరాలు సూటిగున్నయి" అని లోపలికి పోయింది. ఆ సూటిగున్నయి అన్న ఒక్క మాటతో అమర్నాథ్ వారం రోజులు నేల మీద నడవలేదు.

కానీ మాట నాలుక దాటలేదు. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ ఏడాది గడిపాడు. ఈలోగా బీదర్ నుంచి మహాదేవమ్మకు సంబంధం వచ్చిందని, అయితారం పెళ్ళిచూపులకు వస్తున్నారని తెలిసింది. ఆ కబురు విన్న పూట అమర్నాథ్ రాస్తున్న బోర్డు మీద అక్షరాలు మొదటిసారి కిందికి జారాయి. అయితారం లోపల ఎట్లయినా చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మదన్‌మోహన్ సారు నవ్వాడు.

మదన్‌మోహన్ కాలేజీకి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు లెక్చరరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెడ్డమనిషి ఎంతమాత్రం కాదు. నవ్వు మొదలైతే ఆపుకోలేకపోవడమొక్కటే ఆయన జబ్బు. ఆ రోజు జబ్బార్ హోటల్లో చాయ్ తాగుతూ తలెత్తి బోర్డు చదివాడు. “ఫ్రెష్” మటన్ బిర్యానీ. చాయ్ ముక్కులోకి పోయింది. దగ్గాడు, నవ్వాడు, బల్ల మీద చెయ్యి కొట్టాడు, మళ్ళీ బోర్డు చూసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏమైంది సార్?" అన్నాడు జబ్బార్, కొంచెం అనుమానంగా.

"ఆ గీతలు ఎవరు పెట్టిన్రు?"

"మా పెయింటర్. అది ఇజ్జత్ సార్."

"ఇజ్జత్ కాదయ్యా" అని లెక్చరరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరన్న అన్న మాటను అన్నట్టు అప్పజెప్పాలంటే ఇవి పెడతరు. ఒట్టిగ ఒక్క మాటకు పెట్టిన్రనుకో, ఎక్కిరిస్తున్నట్టు. లోకులు గిట్లంటరు గానీ నేనైతే నమ్మనని అర్థం. అంటే ఇది ఫ్రెష్ అంటరు, మటన్‌కే తెల్వాలె అని."

హోటల్లో ఉన్నవాళ్ళంతా తమ తమ పళ్ళేల్లోకి చూసుకున్నారు. ఒకాయన ముక్క వాసన చూశాడు. జబ్బార్ గరిటె కింద పెట్టి, "సార్, జర బయటికి రాండ్రి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తన ఒక్కడి పరువే పోవడం జబ్బార్‌కు అన్యాయంగా తోచింది. ఎదురు దుకాణం బోర్డు చూపించి, "ఇది కూడ చదువుండ్రి" అన్నాడు.

ఇక చూడాలి ఊరేగింపు. ముందు లెక్చరరు, పక్కన జబ్బార్, వెనక తిన్న చేతులు కడుక్కోకుండా హోటల్ జనం. “ప్యూర్” నెయ్యి దగ్గర ఆగారు. "ప్యూర్ అంటున్నడు, పైన దేవుడున్నడు అని" అని లెక్చరరు విప్పి చెప్పాడు. బస్వరాజ్ గల్లాపెట్టె మీంచి లేచి, "నా నెయ్యిల డాల్డా కలిసే సంగతి ఆ పెయింటర్‌కెట్ల తెల్సు" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు. జనం ఊగిపోయారు. “డాక్టర్” రామ్‌కిషన్ దగ్గరికొచ్చేసరికి వరసలో కూర్చున్న రోగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చలిజ్వరంతో దుప్పటి కప్పుకున్న ఒకాయన దుప్పటి మడిచి చంకన పెట్టుకుని ఊరేగింపులో కలిశాడు. అంత నవ్వినందుకో ఏమో, ఆ జ్వరం మళ్ళీ రాలేదు. “న్యూ” బ్యాండ్ పార్టీ మాస్టరొక్కడే నిజాయితీపరుడు. అర్థం విని, తన సొట్టల బాకా వైపు చూసి, "అది నిజమే" అన్నాడు. పిట్టల్లేని సంగప్పనైతే పట్టలేం. బజారులో ఎక్కిరింపు లేని బోర్డు తనదొక్కటేనని సైకిలు గంట కొట్టుకుంటూ ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాడు.

నవ్వుకుంటూ, తోసుకుంటూ అందరూ మహాదేవమ్మ దుకాణం ముందుకొచ్చారు. లెక్చరరు అదే ఊపులో పైకి చూసి పేరు చదివాడు. “మహాదేవమ్మ” అన్నాడు, నవ్వబోయాడు. వెనక ఎవరూ నవ్వలేదు. లోపల మిషను ఆగింది. గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతున్న బసమ్మ తలెత్తింది. జబ్బార్ లెక్చరరు మోచెయ్యి పట్టుకుని, "ఈమెను ఇడువుండ్రి సార్, నడువుండ్రి" అని పక్కకు లాగాడు. కానీ చదవాల్సింది చదివేశాడు, వినాల్సినవాళ్ళు వినేశారు.

ఇంత జరుగుతుంటే అమర్నాథ్ కోహీర్‌లో ఒక మిల్లు గోడ రాస్తున్నాడు. పొద్దుగూకకముందే బస్సు దిగేసరికి బజారు బజారంతా అతని కోసం కాచుకుని ఉంది. నెయ్యి ఒకవైపు, బిర్యానీ ఒకవైపు, డాక్టరు ఒకవైపు నిలబడి దులిపేశారు. అతను ఇజ్జత్ అన్నాడు, ఉస్తాద్ అన్నాడు, హైదరాబాద్ పెయింటర్ బీడీ సంగతి కూడా చెప్పాడు. వినేదెవరు. మర్నాటి నుంచి నిచ్చెన వేసుకుని, తాను వాల్చిన పిట్టలన్నిటినీ తానే తోలే పనిలో పడ్డాడు.

అదీ కుదురుగా కాలేదు. ఏళ్ళ ఎండకు బోర్డులన్నీ వెలిసిపోయి ఉన్నాయి. పిట్టలను తుడిచి పైన కొత్త రంగు అద్దితే, అద్దిన చోట నాలుగు ముదురు మచ్చలు పడ్డాయి. అంతకు ముందు కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనబడని పిట్టలు ఇప్పుడు బొంబాయి రోడ్డు మీద పోయే లారీల్లోంచి కూడా కనబడసాగాయి. ఆ మధ్యాహ్నమే బస్వరాజ్ అతన్ని చాటుకు పిలిచాడు. నూనె దుకాణం పెట్టిన తన తమ్ముడు జగన్‌మోహన్ బోర్డు మీద ప్యూర్ అన్న మాటకు మెల్లగా నాలుగు పిట్టలు పెట్టి రమ్మన్నాడు. గడియ గడవకముందే జగన్‌మోహన్ కూడా చాటుకు పిలిచి, అన్న బోర్డు మీదివి తుడవకుండా ఉంచమన్నాడు. అమర్నాథ్ ఇద్దరికీ దండం పెట్టాడు.

అతనికి ఏడుపొచ్చింది. నెయ్యి పోయినందుకు కాదు, డాక్టరు పోయినందుకూ కాదు. ఇన్నేళ్ళుగా తాను మొక్కుతున్నాననుకుంటే ఊరు వెక్కిరిస్తున్నాడనుకుంటోంది. వీళ్ళందరి సంగతి అటుంచితే, ఆ ఒక్క పేరు మాటేమిటి. తుడవకపోతే మహాదేవమ్మ పేరు బజారులో నవ్వులాటగా నిలబడుతుంది. తుడిస్తే, తాను ఆమెకు చెప్పుకున్న ఒకే ఒక్క మాటను తన చేత్తోనే చెరిపినట్టు. చెరిపాక అయితారం బీదర్ వాళ్ళు వస్తారు, శుభ్రమైన పేరు చూసుకుని తీసుకుపోతారు.

శనివారం పొద్దున్నే బసమ్మ కబురు పంపింది. వచ్చి గీతలు తుడిచిపొమ్మంది. అమర్నాథ్ ఒక చేత టర్పెంటైన్ సీసా, ఒక చేత గుడ్డ పట్టుకుని, భుజాన నిచ్చెనతో వెళ్ళాడు. ఈసారి దారి చివర గోడ ఉన్నా బాగుండేదనిపించింది.

బసమ్మ గుమ్మంలోనే ఉంది. "తండ్రి లేని పిల్ల అనే గదా. నా బిడ్డ పేరుకే దొరికినయా నీకు ఎక్కిరింపు గీతలు? కషాయం కాచి పోసిన నీకు."

"అట్ల గాదత్తా, నేను..."

మాట బయటికొచ్చి పడింది. దగ్గుదామని చూశాడు, దగ్గు రాలేదు. లోపల మిషను టక్కున ఆగిపోయింది. ఎదురు వరసలోని హోటల్లో జబ్బార్ చాయ్ వడగట్టడం ఆపాడు.

"ఏమన్నవ్?" అంది బసమ్మ.

"ఏమో, ఏదన్న అంట గానీ," అన్నాడు అమర్నాథ్ దీనంగా, "పెద్దమ్మా అని మాత్రం అనలేను."

మహాదేవమ్మ బయటికి వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది, పెదవి మీద దారపు పోగు ఉంది. నిచ్చెన వైపు చూసి, "అది ఆనియ్యకు, కింద పెట్టు" అంది. అతను పెట్టాడు. "లెక్చరర్ సారు చెప్పింది విన్న. రెండు రోజుల సంది ఊరంత చెప్పేది వింటున్న. రాసినోడు ఏమంటడో అదొక్కటి వినలే. రంగు మిగిలింది, పెట్టిన అంటవా?"

అది మంచి మాట. అవునంటే సరిపోతుంది. అందరికీ పెట్టినట్టే పెట్టాను, నాకు ఇంగ్లీషు రాదు, తప్పైంది అని తుడిచేసి ఇంటికి పోవచ్చు. ఎవరి పరువూ పోదు. ఆమె తనకు దారి ఇస్తోందని అమర్నాథ్‌కు అర్థమైంది. ఆ దారిన పోతే మళ్ళీ రావడానికి ఉండదని కూడా అర్థమైంది.

"మిగల్లే" అన్నాడు. "నీ పేరు చివరి అక్షరానికే అయిపోయింది. మళ్ళ ముంచిన."

"ఒక్కసారా?"

"ఒక్కో పిట్టకు ఒక్కోసారి. మా ఉస్తాద్ ఒద్దన్న పని. ముంచి పెడితే ఖుషామత్ అంటుండె. ఇది అది కూడ గాదు." నాలుక తిరుగుతోంది. ఎందుకు తిరుగుతోందో అతనికే తెలియదు, ఇప్పుడు ఆపితే మళ్ళీ ఏడాది పడుతుందని మాత్రం తెలుసు. "ఇంగ్లీషుల దానికేమర్థమో నాకు తెల్వది. నాకైతే నిన్ను చేసుకోవాల్నని ఉండె. నోటితోని చెప్పరాలే, గీతలు పెట్టిన. ఇగ నీ ఇష్టం. తుడువుమంటే తుడుస్త."

బసమ్మ మెల్లగా మెట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తాను కషాయం కాచింది ఏ రోగానికో ఆమెకు ఇప్పుడు బోధపడింది. నవ్వాలో తిట్టాలో తేలక, ముందు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మరి రేపు బీదరోళ్ళు వస్తరు గదనే" అంది కూతురితో.

మహాదేవమ్మ తల తిప్పకుండానే గొంతు పెంచింది. "జబ్బార్ భాయ్, చెవులు ఈడ పెట్టి నిలబడ్డవ్ గదా. బీదర్ బస్సు డ్రైవరు నీ తాననే చాయ్ తాగుతడు. ఆయనతోని కబురు పంపు. పిల్ల ఒద్దన్నదని చెప్పమను."

"జీ, ఇప్పుడే" అన్నాడు జబ్బార్. వడగట్టని చాయ్ అలాగే వదిలేసి బస్టాండు వైపు పరుగెత్తాడు.

అమర్నాథ్ ఇంకా సీసా, గుడ్డ పట్టుకునే ఉన్నాడు. విన్నది సరిగ్గా విన్నాడో లేదో పోల్చుకోలేక, "మరి తుడువాల్నా, ఒద్దా?" అని అడిగాడు.

"చేతులు చాపు" అంది మహాదేవమ్మ.

చాపాడు. ఒక చేత సీసా, ఒక చేత గుడ్డ. ఆమె మెడలోంచి టేపు తీసి అతని భుజం మీద ఆనించింది.

బసమ్మ కొంగు నోట్లోంచి తీసింది. "నువ్వు ఆడోళ్ళవే కుడ్తవ్ గదనే."

"ఒక్క మొగోనికి కుడ్త. పెళ్ళి అంగీ బయట ఇస్తే భుజాల కాడ కరాబు చేస్తరు."

బజారు నడిమధ్యలో, ఎండలో, అందరూ చూస్తుండగా ఆమె భుజాలు కొలిచింది, చేతుల పొడుగు కొలిచింది. టేపును వీపు వెనక నుంచి తిప్పి ఛాతీ మీద రెండు కొసలూ కలిపింది. కొలత చూసి కనుబొమ్మలు ముడిచింది. మళ్ళీ చూసింది. తలెత్తి అతని మొహంలోకి చూసి, అప్పుడు నవ్వింది.

"ఊపిరి ఇడువు" అంది. "నీకు గింత ఛాతి లేదు."

అమర్నాథ్ వదిలాడు.